టవరు మీద గొడవ పడ్డాం, టేబులు కింద ఇన్వర్టర్‌ని వదిలేశాం

ఒడిశా రాయగడలో ఏ వీధిలోనైనా సెల్ టవరు లేస్తోందని తెలిస్తే చాలు, జనం పోగవుతారు. కలెక్టరాఫీసుకి అర్జీ వెళ్తుంది. పిల్లలకి కేన్సర్లు వస్తాయని, పిచ్చుకలు పోతాయని అంటారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. అయితే టవర్ల విషయంలో ఎంతో కొంత లెక్కాపత్రం ఉంది. 2012 సెప్టెంబరు 1 నుంచి టెలికాం శాఖ మన టవర్ల రేడియేషన్‌ని అంతర్జాతీయ హద్దులో పదో వంతుకి కట్టడి చేసింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకి 0.45 వాట్లు మించకూడదని పెట్టింది. మన చుట్టుపక్కల ఏ టవర్లున్నాయో చూసుకోడానికి తరంగ్ సంచార్ అనే పోర్టల్ కూడా తెచ్చింది.

అదే వీధిలో పళ్ళ డాక్టరు క్లినిక్కు ఉంటుంది. అక్కడ పొద్దున్నించి రాత్రి దాకా మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, హీటర్లు, ఎక్స్‌రే మధ్య నిలబడే అమ్మాయి చుట్టూ విద్యుదయస్కాంత క్షేత్రం ఎంత ఉందో ఎవరూ కొలవలేదు. కొలవాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు. నేను రాస్తున్నది ఆ అమ్మాయి గురించి.

నేను పళ్ళ డాక్టర్ల మెషీన్లు బాగుచేస్తాను. మాది పార్వతీపురం. చెయిరు పైకి లేవకపోయినా, కంప్రెసర్ గాలి పట్టకపోయినా, పనిముట్లని ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ ప్రెషర్ ఎక్కకపోయినా ఫోన్ వస్తుంది. రాయగడ, గుణుపురం, మునిగుడ, పర్లాకిమిడి, ఇదీ నా తిరుగుడు. మధ్యలో రాష్ట్రాల గీత ఉంది గానీ 1936లో ఒడిశా విడిపడేదాకా రాయగడ వైపంతా విశాఖపట్నం జిల్లాయే. మజ్జిగౌరమ్మ గుడి దగ్గర కొబ్బరికాయ కొనాలన్నా, స్టేషన్ బయట ఆటో మాట్లాడుకోవాలన్నా ఇవాళ్టికీ తెలుగు సరిపోతుంది. క్లినిక్కుల్లో అసిస్టెంట్లుగా చేసేవాళ్ళలో నేను చూసినవాళ్ళు ఎక్కువగా చదువు మధ్యలో ఆపేసిన అమ్మాయిలే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకున్నవాళ్ళు. వాళ్ళు తుడిచి, సర్ది, ఆన్ చేసే మెషీన్ల మీద రాసిందంతా ఇంగ్లీషు.

నా వాదన ముందే చెప్పేస్తాను. డెంటల్ క్లినిక్కులో పనిచేసేవాళ్ళ చుట్టూ ఉండే విద్యుదయస్కాంత క్షేత్రాలు చాలామటుకు హద్దుల లోపలే ఉంటాయి. గుండెలు బాదుకోనక్కర్లేదు. కానీ లోపలే ఉన్నాయన్న మాట కొలిచాక చెప్పాలి. పైగా అందులో పెద్ద భాగం రెండడుగులు జరిగితే పోయేదే. ఆ రెండడుగులు జరిగే స్వేచ్ఛ ఆ గదిలో అందరికన్నా తక్కువ జీతం తీసుకునే మనిషికి లేదు. నా గొడవ అక్కడ.

మా వైపు స్కేలర్, అంటే పళ్ళ మీది గారని వణుకుతో రాల్చే మెషీను, ఎందుకంత ఎక్కువ తిరుగుతుందో చెప్పాలి. ఒడిశాలో గుడాకు అని ఒకటుంది. పొగాకు, బెల్లపు మడ్డి, సున్నం, ఎర్రమట్టి కలిపి చేసే నల్లటి ముద్ద. చిన్న గుండ్రటి డబ్బాల్లో అమ్ముతారు. పొద్దున్నే వేలితో పళ్ళకీ చిగుళ్ళకీ రుద్దుకుని కాసేపు అలా ఉంచుకుంటారు. మొదట్లో పళ్ళు తోముకోడానికని మొదలెట్టి, తర్వాత అది లేకపోతే తలనొప్పి వచ్చే స్థితికి వస్తారు. దానికి పానూ గుట్కా తోడు. పాతపట్నం దాటితే పర్లాకిమిడే కాబట్టి అక్కడి క్లినిక్కులకి సిక్కోలు పల్లెల నుంచి కూడా జనం వస్తారు. చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలు వాళ్ళలో ఇంకా కనిపిస్తారు. ఇలాంటి నోట్లో కింది పళ్ళ వెనకాల గార పేరుకుని గట్టిపడిపోయి ఉంటుంది. మరోచోట ఒక పూటలో తేలిపోయే క్లీనింగు ఇక్కడ రెండు సిట్టింగులు పడుతుంది. అంతసేపూ డాక్టరు చేతిలో స్కేలర్, అసిస్టెంటు చేతిలో సక్షన్ గొట్టం. ఇద్దరి మొహాలూ పేషెంటు నోటికి జానెడు దూరంలో ఉంటాయి.

స్కేలర్లు రెండు రకాలు. పాత తరహాది మాగ్నెటోస్ట్రిక్టివ్. దాని హ్యాండ్‌పీస్ లోపల రాగి తీగ చుట్ట ఉంటుంది, ఆ చుట్ట మధ్యలోకి నికెల్ రేకుల కట్ట దూరుతుంది. తీగలో కరెంటు సెకనుకి 25 వేలో 30 వేలో సార్లు దిక్కు మారుతూ ఉంటే, దాని అయస్కాంతానికి రేకులు సాగుతూ ముడుచుకుంటూ కొనని వణికిస్తాయి. అంటే అయస్కాంత క్షేత్రమే అక్కడ పనిముట్టు. అది డాక్టరు పిడికిట్లో ఉంటుంది. రెండోది పీజో. పింగాణీ బిళ్ళలకి వోల్టేజీ ఇస్తే అవే సాగి ముడుచుకుంటాయి. తీగచుట్టతో పని లేదు కాబట్టి అయస్కాంత క్షేత్రం బాగా తక్కువ. మా వైపు కొత్తగా కొనేవి దాదాపు అన్నీ పీజోలే. ధర చూసి కొంటున్నారు, అయినా ఇది మంచికే జరిగింది. కానీ పాతవి పూర్తిగా పోలేదు. పెద్ద ఊళ్ళో క్లినిక్కు ఎత్తేసినప్పుడు అమ్మేసిన మెషీన్లు తిరిగి తిరిగి మాలాంటి చోట్లకే చేరతాయి.

ఇక్కడ లెక్క కొంచెం చెప్పుకోవాలి. ఇలాంటి క్షేత్రాలకి హద్దులు సూచించే అంతర్జాతీయ సంఘం ఐసీఎన్ఐఆర్‌పీ. 2010లో అది ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇంట్లో వచ్చే 50 హెర్ట్జ్ కరెంటుకి, అంటే సెకనుకి 50 సార్లు ఊగేదానికి, పనివాళ్ళ విషయంలో 1000 మైక్రోటెస్లా (అయస్కాంత క్షేత్రం బలానికి కొలత) దాకా, సామాన్య జనానికి 200 దాకా ఫర్వాలేదు. 1998లో ఇవే 500, 100గా ఉండేవి, తర్వాత రెట్టింపు చేశారు. స్కేలర్ తిరిగే కిలోహెర్ట్జ్ మేరలో హద్దు బాగా కిందికి దిగుతుంది, పనివాళ్ళకి 100, జనానికి 27. ఒకే మీటరుతో అన్నీ చూసేసి అంతా బాగుందనడం ఎందుకు కుదరదో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆన్‌లైన్‌లో కొన్ని వేలకి దొరికే, అయస్కాంత క్షేత్రం కొలిచే గాస్ మీటర్లు 50 హెర్ట్జ్ కోసం చేసినవి. చాలావాటికి స్కేలర్ వేగం కంటికి ఆనదు. పాత స్కేలర్ పక్కన పెట్టినా అంకె కదలదు, కదల్లేదు కాబట్టి ఏమీ లేదనుకుంటాం.

నా దగ్గరున్నదీ అలాంటి మీటరే. అందుకే దానితో 50 హెర్ట్జ్ వస్తువులు మాత్రమే చూస్తాను. చూసిన ప్రతిచోటా నన్ను ఆపేసింది ఇన్వర్టర్.

మా వైపు కరెంటు సంగతి తెలిసిందే. గాలేస్తే పోతుంది, వానొస్తే పోతుంది. పన్ను సగం తొలిచాక కరెంటు పోతే పేషెంటుని అలా వదిలెయ్యలేరు కనుక ఇన్వర్టర్ లేని క్లినిక్కు లేదు. దాన్నెక్కడ పెడతారు? క్లినిక్కంటే ముందు షాపు గదిలా ఉండే రెండు చిన్న గదులు. లోపల చెయిరు, బయట బెంచీలు, ఒక మూల రిసెప్షన్ టేబులు. ఇన్వర్టర్, బ్యాటరీ ఆ టేబులు కిందికి వెళ్తాయి. కంటికి కనపడవు, పిల్లలు ముట్టుకోరు, స్విచ్‌బోర్డు దగ్గర. పేషెంట్ల పేర్లు రాసే అమ్మాయి కాళ్ళు చాపుకోడానికి చోటు లేక ఆ పెట్టెకి మోకాళ్ళు ఆనించుకునే కూర్చుంటుంది. గుణుపురంలో ఒకచోట చలికాలం ఆ వెచ్చదనానికి చెప్పులు విప్పి పాదాలు దాని మీదే పెట్టుకుంది.

ఇన్వర్టర్ కరెంటున్నప్పుడూ ఊరుకోదు. బ్యాటరీ ఛార్జి అవుతున్నంతసేపూ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ హమ్మంటూనే ఉంటుంది. కరెంటు పోయాక అసలు సంగతి మొదలవుతుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 600 వాట్లు లాగాలంటే 50 ఆంపియర్లు పారాలి. ఇంట్లో ఫ్యానుకి అర ఆంపియరు కూడా పట్టదు, పోల్చుకోండి. ఆ 50 ఆంపియర్లు బ్యాటరీకీ పెట్టెకీ మధ్యనున్న రెండు లావు వైర్లలో నడుస్తాయి. ఒక్క వైరునే లెక్కలోకి తీసుకుంటే, అడుగు దూరంలో అది పుట్టించే క్షేత్రం దాదాపు 33 మైక్రోటెస్లాలు. బ్యాటరీ కరెంటు 50 హెర్ట్జ్ కాదు కాబట్టి దీన్ని సామాన్య జనానికి పెట్టిన 200తో నేరుగా పోల్చలేం, ఊరికే అంకెలు చూస్తే అందులో ఆరో వంతు. ఎర్ర వైరు, నల్ల వైరు పక్కపక్కనే కలిపి కట్టేస్తే రెండింట్లో కరెంటు ఎదురెదురు దిక్కుల్లో పారుతుంది కాబట్టి ఒకదాని క్షేత్రాన్ని ఇంకోటి చాలామటుకు కొట్టేస్తుంది. విడదీసి చెరో పక్కనుంచి లాగితే కొట్టుకోదు. నేను చూసిన టేబుళ్ళ కింద చాలావాటిలో ఒక వైరు టేబులు కాలు ఈ పక్కనుంచి, ఇంకోటి ఆ పక్కనుంచి వెళ్తున్నాయి. మధ్యలో అమ్మాయి మోకాళ్ళు. బిగించిన మనిషికి ఇది తప్పని చెప్పినవాళ్ళు లేరు. వైర్లు కాలిపోకుండా ఉన్నాయా లేదా అన్నదే అతని లెక్క.

పెట్టె పక్కన మీటరు పెట్టి, అక్కణ్ణుంచి మెల్లగా వెనక్కి లాగుతూ ఆ అమ్మాయికి చూపించాను. ట్రాన్స్‌ఫార్మర్లు, మోటార్ల క్షేత్రం దూరంతో ఘనంలో పడిపోతుంది. దూరం రెండింతలైతే క్షేత్రం ఎనిమిదో వంతు, మూడింతలైతే ఇరవయ్యేడో వంతు. పెట్టె మీద పెద్దగా ఉన్న అంకె టేబులు అవతలి అంచుకొచ్చేసరికి గదిలో మామూలుగా ఉండే అంకెలో కలిసిపోయింది. "ఇంతేనేటి, ఇటు జరిగితే అయిపోద్దా?" అంది. అయిపోద్ది. కానీ జరగడానికి ఇటు గోడ ఉంది.

మిగతా మెషీన్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. చెయిరు అడుగున ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, అది డాక్టరు పాదాలకి దగ్గర, నడుముకి దూరం. కంప్రెసర్ ఎలాగూ బయటో బాత్రూంలోనో ఉంటుంది, దాని చప్పుడు భరించలేక. ఆటోక్లేవ్ ఒకటిన్నర రెండు కిలోవాట్లు లాగుతుంది గానీ దాని పక్కనే ఎవరూ నిలబడరు. గోడ మీది స్టెబిలైజర్ మటుకు చూసుకోవాలి, కొన్నిచోట్ల అది కూర్చున్న మనిషి తల వెనకాలే ఉంటుంది. సిమెంటు గట్టిపరిచే లైట్ క్యూర్‌కి అయస్కాంతంతో పేచీ లేదు, దాని నీలి వెలుగుతో ఉంది. 470 నానోమీటర్ల దగ్గరుండే ఆ వెలుగుని తిన్నగా చూస్తే రెటీనాకి దెబ్బ. నారింజ రంగు అద్దం దానికోసమే. డాక్టరు మొహం తిప్పుకుంటాడు. లైటు పట్టుకున్న అమ్మాయి తిప్పుకుంటే గురి తప్పుతుందని తిప్పుకోదు.

గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్ళ మాట వేరు. 1998లో ప్రయోగశాలలో పేస్‌మేకర్లు పెట్టి డెంటల్ మెషీన్లన్నీ ఒక్కొక్కటే దగ్గర చేసి చూశారు. మాగ్నెటోస్ట్రిక్టివ్ స్కేలర్ 37.5 సెంటీమీటర్ల దూరం దాకా, పనిముట్లు కడిగే అల్ట్రాసోనిక్ క్లీనర్ తొట్టి 30 దాకా, కరెంటుతో చిగుళ్ళు కోసే కాటరీ 10 దాకా పేస్‌మేకర్ పనిని అడ్డుకున్నాయి. పన్ను తొలిచే హ్యాండ్‌పీసులు, ఎక్స్‌రే, అప్పటి క్యూరింగ్ లైట్లు అడ్డుకోలేదు. తర్వాత వచ్చిన పేస్‌మేకర్లకి రక్షణ మెరుగైంది. అయినా క్లీనింగుకి ముందు పేస్‌మేకర్ ఉందా అని పేషెంటుని అడుగుతారు. పనిలో చేర్చుకునేటప్పుడు అసిస్టెంటుని ఎవరూ అడగరు.

మరి వీటివల్ల ఏమవుతుంది? ఖాయంగా తెలిసినవి రెండే. తక్కువ ఫ్రీక్వెన్సీ క్షేత్రం చాలా ఎక్కువైతే నరాలు, కండరాలు ఉలిక్కిపడతాయి, కళ్ళ ముందు మెరుపుల్లాంటివి కనిపిస్తాయి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ అయితే ఒళ్ళు వేడెక్కుతుంది. హద్దులు పెట్టింది వీటిని చూసే. క్లినిక్కులో ఈ రెండూ జరిగే బలం దేనికీ లేదు. ఇక కేన్సర్. ఇళ్ళలో సగటున 0.4 మైక్రోటెస్లా దాటిన పిల్లల్లో ల్యుకేమియా దాదాపు రెండింతలు కనిపించిందని 2000లో అనేక దేశాల అధ్యయనాలని కలిపి చూసినప్పుడు తేలింది. కారణం అదేనని రుజువు కాలేదు. దాన్నిబట్టి 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ ఈ తక్కువ ఫ్రీక్వెన్సీ అయస్కాంత క్షేత్రాల్ని 2బీ గుంపులో వేసింది. కేన్సర్ తెప్పించే అవకాశం ఉందేమో అన్న గుంపు అది. కలబంద మొత్తం ఆకు నుంచి తీసిన రసం కూడా అదే గుంపులో ఉంది. పేషెంటు రుద్దుకొచ్చిన గుడాకు లాంటి నమిలే, రాసుకునే పొగాకు మటుకు ఒకటో గుంపు, సందేహం లేకుండా కేన్సర్ తెప్పించేది. ఎక్స్‌రే కూడా ఒకటో గుంపే.

ఈ 2బీ మాట పట్టుకుని రెండు వైపులా అతి చేస్తారు. ఒకళ్ళు ఫోను వెనక అంటించే రేడియేషన్ స్టిక్కరు అమ్ముతారు. ఇంకొకళ్ళు ఏమీ లేదు పొమ్మంటారు. నాకు మధ్యలో నచ్చిన మాట 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రుజువు బలహీనంగా ఉంది కాబట్టి హద్దుల్ని ఇష్టమొచ్చినట్టు తగ్గించెయ్యక్కర్లేదు, కానీ చాలా తక్కువ ఖర్చుతో తగ్గించగలిగినచోట తగ్గించడం సబబు అంది. ఇన్వర్టర్‌ని అవతలి గోడకి మార్చడానికి ఆరు మీటర్ల వైరు చాలు. దీనికన్నా తక్కువ ఖర్చు జాగ్రత్త ఏముంటుంది?

ఈ విషయం మీద నన్ను రాయించింది ఒక ప్రశ్న. ఆటోక్లేవ్ గాస్కెట్ మారుస్తుంటే, డాక్టరు భోజనానికి వెళ్ళాక, అక్కడి అసిస్టెంటు వచ్చి పక్కన నిలబడింది.

"అన్నయ్యా, నాకు మూడో నెల. ఈ మిషన్ల దగ్గర నిలబడొచ్చేటి?"

"మీ సార్‌ని అడగలేదా అమ్మా?"

"అడిగితే మానీమంటారేమోనని."

ఆ ఒక్క జవాబులో మొత్తం సమస్య ఉంది. ఆమెకి ప్రమాదం గురించి తెలుసుకునే దారి డాక్టరు గుండానే పోతుంది, ఆ దారిలో ఉద్యోగం పోయే భయం ఉంది. అందుకని మెషీన్లు బాగుచేసేవాణ్ణి అడుగుతోంది. నేను డాక్టర్ని కాను. తెలిసినంతవరకు చెప్పాను. ఈ క్లినిక్కులో ఉన్నది పీజో స్కేలర్, దాని పక్కన నిలబడితే అయస్కాంతం గురించి దిగులక్కర్లేదు. రిసెప్షన్‌లో కూర్చున్నప్పుడు కుర్చీ ఇటు తిప్పుకో. ఎక్స్‌రే తీసేటప్పుడు మటుకు గదిలో ఉండకు. ఎవరు రమ్మన్నా ఉండకు.

"ఫిలిం నానే పట్టుకుంటానన్నయ్యా. చిన్నపిల్లలొస్తే కదిలిపోతారు కదా."

ఇన్వర్టర్ గురించి ఇంత రాసినవాణ్ణి, ఇక్కడ గొంతు పెంచాలి. క్లినిక్కులో ఉన్న విద్యుదయస్కాంతమంతా ఒకటి కాదు. ఇన్వర్టర్, స్కేలర్, లైటు ఒక కోవ. అవి అణువుల్ని చీల్చలేవు. ఎక్స్‌రే చీలుస్తుంది. జనం అన్నిటినీ కలిపి రేడియేషన్ అని ఒకటే మాట అనడం వల్ల, టవరుని చూసి భయపడే మనిషే ఎక్స్‌రే కిరణం దారిలో వేలు పెడుతోంది. ఒక పంటి ఎక్స్‌రేకి పేషెంటుకి తగిలే మోతాదు కొన్ని మైక్రోసీవర్టులే, చాలా తక్కువ. పేషెంటుకి అది ఎప్పుడో ఒకసారి. పేషెంటు నోట్లో పంటి వెనక ఫిలిం పట్టుకునే అమ్మాయికి రోజూ, అదీ తిన్నగా వచ్చే కిరణంలో, అవే రెండు వేళ్ళకి.

పళ్ళ వైద్యంలో ఎక్స్‌రే చరిత్ర ఈ వేళ్ళతోనే మొదలైంది. రాంట్జెన్ 1895 నవంబరులో ఎక్స్‌రే కనిపెట్టాడు. ఆ మరుసటేడే అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంత వైద్యుడు దాన్ని పళ్ళకి వాడడం మొదలెట్టాడు. ట్యూబు సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి కిరణానికి తన చేతినే అడ్డం పెట్టేవాడు. వేళ్ళకి కేన్సర్ వచ్చింది. ఒక్కొక్క వేలూ తీసేశారు, తర్వాత చెయ్యి తీసేశారు. 1928లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నాడు. తన దగ్గర ఆడవాళ్ళని అసిస్టెంట్లుగా పెట్టుకున్న మొదటితరం డాక్టర్లలో ఆయనొకడు. అప్పటివాళ్ళకి తెలియదు. ఇప్పుడు తెలియదనడానికి వీల్లేదు.

మన దేశంలో ఎక్స్‌రేలకి అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీ, ఉంది. డెంటల్ ఎక్స్‌రే మెషీను ఈ-లోరా పోర్టల్‌లో రిజిస్టరు కావాలి. రేడియేషన్ పనివాళ్ళకి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. గర్భిణి అని తెలియజేశాక కడుపులో బిడ్డకి 1 మిల్లీసీవర్టు మించకూడదు. ఫిలింని సిబ్బంది పట్టుకోకూడదు. పేషెంటే పట్టుకోవాలి, లేదా హోల్డరు వాడాలి, పిల్లలైతే వెంట వచ్చిన పెద్దవాళ్ళకి లెడ్ ఏప్రాన్ తొడిగి పట్టించాలి. బటన్ నొక్కే మనిషి కిరణం దారికి పక్కగా 2 మీటర్ల దూరంలో ఉండాలి. రూలు ఉంది. ఆ రూలు ఆ అమ్మాయికి అర్థమయ్యే తెలుగులోనో ఒడియాలోనో ఏ క్లినిక్కు గోడ మీదా నేను చూడలేదు. హోల్డరు ప్లాస్టిక్ ముక్క. అది సొరుగులో కవరు కూడా విప్పకుండా ఉంటుంది, ఎందుకంటే అమ్మాయి వేలు ఇంకా తొందరగా పనిచేస్తుంది.

మరి ఇన్వర్టర్, స్కేలర్ కోవకి చట్టమేముంది? మెషీను వెనక విద్యుదయస్కాంత పరీక్ష పాసైందని రాసుంటుంది, ఐఈసీ 60601-1-2 అని. ఆ స్టాండర్డు ఒక మెషీను ఇంకో మెషీనుకి అంతరాయం కలిగించకుండా ఉందా అని చూస్తుంది. దాని పక్కన రోజంతా నిలబడే మనిషి గురించి కాదు. చాలామంది డాక్టర్లు ఆ రాత చూపించి అన్నీ పాసయ్యాయంటారు. యూరప్‌లో 2013లో పనిచోట విద్యుదయస్కాంత క్షేత్రాల మీదే ప్రత్యేకంగా ఒక ఆదేశం తెచ్చారు. యజమాని అంచనా వెయ్యాలి, గర్భిణులనీ, ఒంట్లో పరికరాలున్నవాళ్ళనీ విడిగా లెక్కలోకి తీసుకోవాలి, పనివాళ్ళకి చెప్పాలి. మనకి వృత్తి భద్రత, ఆరోగ్యం మీద 2020 కోడ్ ఉంది. అది మామూలుగా 10 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలకి. ఒక డాక్టరు, ఇద్దరు అసిస్టెంట్లు ఉన్న క్లినిక్కు దాని కంటికి కనపడదు. 1948 డెంటిస్టుల చట్టం డాక్టర్లకీ, పళ్ళు శుభ్రం చేసే హైజీనిస్టులకీ, కట్టుడు పళ్ళు చేసే మెకానిక్కులకీ రిజిస్టర్లు పెట్టింది, చెయిరు పక్కన నిలబడే అసిస్టెంటుకి పెట్టలేదు. అంటే ఆమె ఏ కాగితం మీదా లేదు. లేని మనిషి ఎంత క్షేత్రంలో నిలబడిందని ఎవరు అడుగుతారు?

డాక్టర్లని తిట్టడానికి రాయడం లేదు. మా వైపు క్లినిక్కు పెట్టినవాళ్ళలో చాలామంది బ్యాంకు లోను మీద చెయిరు కొన్నవాళ్ళే. కొండల మీద నుంచి దిగొచ్చే పేషెంటు దగ్గర పూర్తి ఫీజు అడగలేరు. గది చిన్నది, అద్దె పెద్దది. వాళ్ళూ అదే చెయిరు పక్కన, ఇంకా ఎక్కువసేపు నిలబడతారు. "ఇరవయ్యేళ్ళ నుంచి చేస్తున్నాను, నాకేమైంది?" అని ఒకాయన అడిగారు. ఆయన ఆ ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా ఫిలిం పట్టుకోలేదు, ఇన్వర్టర్ దగ్గర కూర్చోలేదు. ఆయన ఒంటి అనుభవం రిసెప్షన్ టేబులు దాకా వర్తించదు. ఆయనకి ఏమీ కాలేదన్నది ఆమెకి కాదనడానికి సాక్ష్యం కాదు.

చోటు లేదంటారు. ఉన్న చోటులోనే అయ్యే పని ఇది. ఇన్వర్టర్ని గోడకి, మనిషి తల ఎత్తుకి పైన, ఇనుప బ్రాకెట్ మీద ఎక్కించొచ్చు. బ్యాటరీ మటుకు కిందే, గాలి ఆడేచోట, ఎవరూ కూర్చోని మూల ఉండాలి. బ్యాటరీ వైర్లు సాధ్యమైనంత పొట్టిగా, రెండూ కలిపి టేపు చుట్టి ఉండాలి. పొట్టిగా ఉంటే వోల్టేజీ కూడా పోదు, బ్యాటరీకీ మంచిది. దూరం పెంచాల్సింది 230 వోల్టుల వైపు, అక్కడ కరెంటు మూడు ఆంపియర్లే కాబట్టి మామూలు వైరు సరిపోతుంది. స్టెబిలైజర్ తల వెనకుంటే కుర్చీ ఎదురు దిక్కుకి తిప్పితే చాలు. పాత మాగ్నెటోస్ట్రిక్టివ్ స్కేలర్ ఉన్నచోట దాని పెట్టెని ట్రాలీ అడుగు అరలోకి దింపి, అసిస్టెంటు ఒంటికి ఆనకుండా చెయ్యొచ్చు. ఆమె గర్భిణి అయితే, ఆ నెలలు పీజో ఉన్న చెయిరు దగ్గరో, ఫైళ్ళ దగ్గరో పని ఇవ్వాలి. జీతం కొయ్యకుండా ఇవ్వాలి. ఆమె నోరు తెరిచి చెప్పగలిగేది అప్పుడే. ఎక్స్‌రే హోల్డరు కవరు ఇవాళే విప్పాలి.

రాయగడ రైల్వే డివిజన్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన అయ్యింది. ఊరు పెరుగుతుంది, క్లినిక్కులు పెరుగుతాయి. కొత్తగా పెట్టేవాళ్ళు ఎలక్ట్రీషియన్ గోడలు తొలవక ముందే ఈ సంగతి ఆలోచిస్తే పైసా ఎక్కువ అవ్వదు. జిల్లాలో డాక్టర్లంతా కలిసి కిలోహెర్ట్జ్ కూడా కొలవగల మంచి మీటరు ఒకటి అద్దెకి తెచ్చుకుంటే వారం రోజుల్లో అన్ని క్లినిక్కులూ చూసెయ్యొచ్చు. ఆ అంకెలు తెలుగులో, ఒడియాలో రాసి గోడకి పెట్టొచ్చు. అంకెలు తక్కువగా ఉంటే ఇంకా మంచిది, ఆ అమ్మాయిలకి రాత్రి నిద్ర పడుతుంది.

అంతదాకా నా మీటరు ఉంది. పార్వతీపురం నుంచి గుణుపురం దాకా సర్వీసుకి పిలిచే డాక్టర్లు అడిగితే ఇన్వర్టర్, స్టెబిలైజర్, చెయిరు నేను కొలుస్తాను, దానికి డబ్బు తీసుకోను. బ్యాటరీ వైర్లు కలిపి కట్టడానికీ తీసుకోను. ఒకటే అడుగుతాను. కొలిచేటప్పుడు మీ అసిస్టెంటుని బయటికి పంపొద్దు, మీటరు ఆమె చేతికే ఇస్తాను.